7 కిలోల చేతిసంచి: యాత్రలకు వెళ్ళేవాళ్ళ అపోహలు, నేను చూసిన వాస్తవాలు

తిరుపతి నుంచి జనాన్ని యాత్రలకు తీసుకెళ్ళడం నా పని. ఒక వారం కాశీ, ప్రయాగ, అయోధ్య, తర్వాత సింగపూర్ గ్రూపు, మధ్యలో రామేశ్వరం, ఇట్లా నెలలో సగం రోజులు నేను ఇంట్లో ఉండను. గ్రూపులో 30 మంది ఉంటే అందులో సగానికి పైగా అరవై దాటినవాళ్ళే. ఎయిర్‌పోర్టులో వాళ్ళ సంచులు విప్పించినప్పుడు పక్కన నిలబడేది నేనే కాబట్టి ఎవరు ఏం తెస్తారో, ఏది ఎక్కడ ఇబ్బంది పెడుతుందో నాకు బాగా తెలుసు. బయలుదేరడానికి వారం ముందు అందరినీ కూర్చోబెట్టి మాట్లాడతాను, ప్రతిసారీ అవే మాటలు వినబడతాయి. వాటిలో ముఖ్యమైనవి రాస్తున్నా.

అపోహ: మందులు పెద్ద సూట్‌కేసులో పెడితే భద్రం, చేతిసంచిలో అయితే ఎక్కడైనా మరిచిపోతాం.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది ఇదే. కొన్నేళ్ళ కిందట చెన్నై నుంచి వారణాసికి మధ్యలో విమానం మారి వెళ్ళాం. పలమనేరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన సూట్‌కేసు మాతో రాలేదు, మర్నాడు సాయంత్రానికి వస్తుందన్నారు. ఆయన ఇన్సులిన్, సూదులు, బీపీ మాత్రలు అన్నీ దాంట్లోనే ఉన్నాయి. ఆయన మాత్రం "ఒక పూట వేసుకోకపోతే ఏమవుతుంది పాపా" అని నాకే ధైర్యం చెబుతున్నారు. రాత్రి పదిన్నరకి వాళ్ళబ్బాయితో చీటీ ఫొటో వాట్సాప్‌లో తెప్పించుకుని, హోటలు కుర్రాణ్ణి వెంటబెట్టుకుని మందుల షాపులు తిరిగాను. మూడో షాపులో దొరికింది. ఆ రాత్రి పడిన టెన్షన్ నేను మరిచిపోలేను.

అందుకే ప్రయాణం ఎన్ని రోజులైతే అన్ని రోజుల మందులు, ఇంకో మూడు రోజులవి కలిపి చేతిసంచిలోనే ఉండాలి. మాత్రలు అట్టలతోనే ఉంచండి, విడదీసి డబ్బాలో పోస్తే ఏది ఏమిటో అవసరానికి ఎవరికీ తెలియదు. డాక్టర్ చీటీ ఒకటి సంచిలో, దాని ఫొటో మీ ఫోన్లో, ఇంకో ఫొటో పిల్లల ఫోన్లో ఉండాలి. ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు, విమానం అడుగున సామాను పెట్టే చోట బాగా చల్లబడే అవకాశం ఉంది కాబట్టి అది సామానులో వేయకూడదు. వాడకంలో ఉన్న పెన్ను 30 డిగ్రీల లోపు ఉంటే సాధారణంగా నాలుగు వారాలు ఆగుతుంది, మీ మందుకు ఎన్ని రోజులో దాని అట్టపెట్టె మీద చూసుకోండి. ఎండాకాలంలో చల్లగా ఉంచే పౌచ్ కొనుక్కోండి, ఐసుకు నేరుగా ఆనించవద్దు.

అపోహ: చక్రాల ట్రాలీ ఉంటే మోసే పనే ఉండదు.

నున్నటి గచ్చు మీద ఉండదు. కాశీలో గల్లీల్లోకి దిగితే, ఘాట్ మెట్లు ఎక్కాల్సి వస్తే, రైల్వేస్టేషన్లో ప్లాట్‌ఫారం మారాల్సి వస్తే మోయాల్సిందే. ఇంకొకటి ఎవరూ లెక్కేయరు. మన దేశీ విమానాల్లో ఎకానమీ టికెట్టుకు చేతిసంచి మామూలుగా 7 కిలోలే, పొడవు, వెడల్పు, మందం కలిపితే 115 సెంటీమీటర్లు దాటకూడదు. నాలుగు చక్రాల గట్టి ట్రాలీ ఖాళీగానే రెండున్నర, మూడు కిలోలు తూగుతుంది. ఇంక బట్టలకు మిగిలేది ఎంత? నాది వీపుకు తగిలించుకునే సంచి, కిలో చిల్లర బరువు. మోకాళ్ళ నొప్పులు, నడుం నొప్పి ఉన్నవాళ్ళు ట్రాలీయే తెచ్చుకోండి, తప్పులేదు. కాకపోతే గుడ్డతో చేసిన తేలికపాటిది తీసుకోండి. అంగట్లో కొనేటప్పుడు రంగు, లాకు చూసేముందు ఒక్కసారి చేత్తో ఎత్తి చూడండి.

రేణిగుంట నుంచి హైదరాబాదుకు ఏటీఆర్ లాంటి చిన్న విమానం పడితే పైన అరలు చిన్నవి. ట్రాలీని విమానం మెట్ల దగ్గరే తీసుకుని కింద పెట్టేస్తారు. అట్లాంటప్పుడు లోపలి మందులు, పవర్ బ్యాంకు, డబ్బులు వెంటనే తీసుకోగలగాలి. అందుకే ఇవన్నీ ఒక జిప్పు పౌచ్‌లో వేసి సంచిలో అన్నిటికంటే పైన పెట్టమంటాను.

అపోహ: బట్టలు చుట్టి పెడితే, గాలి తీసే కవర్లు వాడితే ఎంతైనా పడుతుంది.

పడుతుంది, బరువు తగ్గదు. గాలి తీశాక ఖాళీ కనబడేసరికి ఇంకో రెండు జతలు కూరుతారు, కౌంటర్ దగ్గర 9 కిలోలు తేలుతుంది. "ఎవరూ తూయరులే" అనే మాట కూడా నమ్మవద్దు. కొన్నిసార్లు తూయరు నిజమే, తూచిన రోజు మాత్రం అదనపు డబ్బు కట్టాలి, లేదా అందరి ముందూ సంచి విప్పి ఒంటి మీద స్వెట్టర్ వేసుకోవాలి. పెద్దవాళ్ళు అట్లా ఇబ్బంది పడుతుంటే నాకు చాలా బాధేస్తుంది. కొక్కెం ఉన్న చిన్న తూకం ఒకటి కొని ఇంట్లోనే చూసుకోండి, ఆరు కిలోల దగ్గర ఆపేయండి, వచ్చేటప్పుడు ఏదో ఒకటి చేరుతుంది.

చుట్టడం టీషర్టులకు, చూడీదార్లకు బాగుంటుంది. గంజి పెట్టిన నూలు చీర, ఇస్త్రీ చొక్కా మడత పెట్టాల్సిందే. వారం యాత్రకు మూడు జతలు, ఒంటి మీద ఒక జత చాలు, రాత్రి ఉతికి ఆరేస్తే పొద్దుటికి ఆరిపోయే గుడ్డ చూసుకోండి. మగవాళ్ళకు పంచె ఈ విషయంలో చాలా మేలు. టర్కీ టవలు మానేసి పల్చటి తుండుగుడ్డ తెచ్చుకోండి, సగం బరువు తగ్గుతుంది, తొందరగా ఆరుతుంది. పట్టుచీరలు ఒకటికి మించి వద్దక్కా అని నేను బతిమాలుతూనే ఉంటాను.

అపోహ: సీసా పెద్దదైనా లోపల కొంచెమే ఉంది కదా, వదిలేస్తారు.

విదేశీ ప్రయాణాల్లో వదలరు. లోపల ఎంత ఉందని చూడరు, సీసా సైజే లెక్క. ఒక్కోటి 100 మిల్లీలీటర్ల లోపు ఉండాలి, అన్నీ కలిపి లీటరు పట్టే పారదర్శకమైన ఒక్క కవర్లో పట్టాలి. 200 మిల్లీలీటర్ల సీసాలో అడుగున మిగిలిన కొబ్బరినూనె కూడా చెత్తబుట్టలోకి పోతుంది. నెయ్యి, ఊరగాయ, పెరుగు ఇవన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. చీటీ ఉన్న మందులకు మినహాయింపు ఉంది. నిప్పట్లు, మురుకులు అయితే మామూలుగా ఇబ్బంది ఉండదు.

పవర్ బ్యాంకు గురించి చాలామంది తిరగేసి అనుకుంటారు. బరువుగా ఉంది కదా అని చెక్-ఇన్ సూట్‌కేసులో వేస్తారు. అక్కడ అది అసలు ఉండకూడదు. లిథియం బ్యాటరీ వేడెక్కి అంటుకుంటే మనుషుల మధ్య అయితే వెంటనే కనబడుతుంది, సిబ్బంది ఆర్పగలరు, కింద సామాన్ల మధ్య అయితే ఎవరికీ తెలియదు. పరిమితి 100 వాట్-అవర్లు, అంటే బ్యాటరీలో ఎంత కరెంటు నిల్వ ఉంటుందో చెప్పే లెక్క. 20,000 ఎంఏహెచ్ అని రాసి ఉంటే దాన్ని 3.7 వోల్టులతో గుణించి వెయ్యితో భాగిస్తే 74 వాట్-అవర్లు వస్తుంది, ఇబ్బంది లేదు. దాని మీద అంకెలు చెరిగిపోయి ఉంటే మాత్రం కొత్తది కొనుక్కోండి, చదవలేనిదాన్ని ఆపేస్తారు.

అపోహ: పూజ సామాను కదా, ఏమీ అనరు.

భక్తికి, భద్రతకు సంబంధం లేదు. కర్పూరం, అగ్గిపెట్టె చేతిసంచిలోనూ వద్దు, చెక్-ఇన్‌లోనూ వద్దు, రెండూ అంటుకునేవే. కాశీలో అడుగడుక్కీ దొరుకుతాయి. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ కాబట్టి దాన్నీ ఒప్పుకోరు. కొబ్బరికాయ కూడా మామూలుగా విమానం లోపలికి తీసుకెళ్ళనివ్వరు. 2024 అక్టోబరులో అయ్యప్ప స్వాముల ఇరుముడి కోసం 2025 జనవరి 20 వరకు ప్రత్యేకంగా అనుమతి ఇచ్చారంటేనే అర్థం చేసుకోవచ్చు. వక్కాకు వేసుకునే అవ్వలకు ప్రత్యేకంగా చెబుతున్నా, అడకత్తెర చేతిసంచిలో పెట్టవద్దు. మా గ్రూపులో ఒక అవ్వది తీసేసుకున్నారు, వాళ్ళమ్మ ఇచ్చిందట, ఆమె ప్రయాణమంతా దాని గురించే తలుచుకుంది. వక్కలు ఇంట్లోనే కత్తిరించి తెచ్చుకోండి.

శ్రీవారి లడ్డూలు చేతిసంచిలో నిరభ్యంతరంగా తీసుకెళ్ళొచ్చు. బంధువులకని పది తీసుకుంటే, ఒక్కోటి దాదాపు 175 గ్రాములు, పావు తక్కువ రెండు కిలోలు అక్కడే అయిపోతుంది. కవర్లోనే ఉంచి బట్టల మధ్య పెడితే నెయ్యి దిగుతుంది, మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో వేయండి.

అపోహ: ముందురోజు రాత్రి కూర్చుంటే సర్దడం అయిపోతుంది.

ఏడాదికొకసారి వెళ్ళేవాళ్ళకు అవుతుందేమో. తరచుగా తిరిగేవాళ్ళకు ఆ రాత్రే అన్నీ మరిచిపోయే రాత్రి. నా సంచి ఎప్పుడూ సగం సర్దే ఉంటుంది. బ్రష్షు, పేస్టు, దువ్వెన, ఛార్జరు ఇంట్లో వాడేవి వేరు, సంచిలోవి వేరు, వాటిని బయటికి తీయను. ఆధార్ డిజిలాకర్‌లో ఉన్నా కార్డు కూడా పెడతాను, ఫోను చార్జింగు అయిపోయిన వేళ అదే ఆదుకుంటుంది. ఊరి నుంచి వచ్చిన రోజే, ఎంత అలసటగా ఉన్నా, మాసిన బట్టలు తీసి, అయిపోయిన మాత్రల అట్టలు లెక్క చూసి, ఏం తేవాలో ఒక కాగితం మీద రాసి సంచి పైజేబులో పెడతాను. మర్నాడు మందుల షాపుకు వెళ్ళేటప్పుడు ఆ కాగితం తీసుకెళ్తాను.