తొమ్మిది మంది పిల్లలూ, పద్దెనిమిది నోట్లూ

ఆరో తరగతి చదివే మా మేనకోడలు మొన్న లెక్కల పుస్తకం పట్టుకుని వచ్చింది. “మామయ్యా, 4752 తొమ్మిదితో నిశ్శేషంగా భాగించబడుతుందా అని చూడాలంటే అంకెలు కూడమన్నారు. కూడితే 18 వచ్చింది, భాగించబడుతుందని రాసేశాను. కానీ కూడటానికీ భాగించటానికీ ఏమిటి సంబంధం?” అంది. బళ్లో అడిగితే “అది సూత్రం, గుర్తుపెట్టుకో” అన్నారట. ఇంత మంచి ప్రశ్నకు అలాంటి జవాబు వచ్చినందుకు నాకు నిజంగా బాధేసింది.

రెండు, అయిదు, పది సూత్రాలకు చివరి అంకె చూస్తే చాలు, వాటి జోలికి పోను. సొగసంతా తొమ్మిదిలో ఉంది.

4752 రూపాయలను నోట్లుగా ఊహించుకోండి. నాలుగు వెయ్యి నోట్లు (2016లో రద్దయినా మన లెక్కకు కావాలి), ఏడు వందలు, అయిదు పదులు, రెండు రూపాయి నోట్లు. తొమ్మిది మంది పిల్లలకు సమానంగా పంచాలి. పది నోటు చిల్లర మార్చి తలా రూపాయి ఇస్తే ఒక రూపాయి మిగులుతుంది. వంద మార్చి తలా 11 ఇస్తే 99 పోయి మళ్లీ ఒక్క రూపాయే. వెయ్యి మార్చి తలా 111 ఇస్తే 999 పోతాయి, మిగిలేది మళ్లీ రూపాయే! ఎంత పెద్ద నోటైనా మిగిల్చేది ఒకటే. అంటే చేతిలో ఎన్ని నోట్లుంటే అన్ని రూపాయలు మిగులుతాయి. నోట్లెన్ని? 4+7+5+2. అంకెలు కూడటమంటే నోట్లు లెక్కపెట్టడమే. ఆ 18 రూపాయలూ తలా రెండు చొప్పున పంచితే చెయ్యి ఖాళీ. ఒక్కొక్కరికి ఎంతొచ్చిందో కూడా ఇక్కడే దొరుకుతుంది: 444+77+5+2, అంటే 528.

పిల్లలు ముగ్గురే అయినా ప్రతి నోటూ రూపాయే మిగులుస్తుంది, అందుకే మూడుకీ అదే సూత్రం.

పద్దులు రాసేవాళ్లకు ఇందులో ఒక చిట్కా ఉంది. 4752 బదులు పొరపాటున 4572 అని రాస్తే నోట్ల సంఖ్య మారదు కాబట్టి శేషమూ మారదు. తేడా 180, తొమ్మిది ఇరవైలు. మొత్తాల మధ్య తేడా తొమ్మిదితో పోతే, ఎక్కడో అంకెలు తారుమారయ్యాయేమోనని ముందు వెతుకుతారు. క్రీ.శ. 950 ప్రాంతపు రెండవ ఆర్యభటుడు తన మహాసిద్ధాంతంలో గుణకార భాగహారాలను సరిచూడటానికి చెప్పిన పద్ధతికీ మూలం ఈ శేషమే.

ఇప్పుడు పదకొండు మంది పిల్లలను కూర్చోబెట్టండి. పది నోటు తలా రూపాయికి ఒకటి తక్కువ, అప్పు చెయ్యాలి. వంద నోటు తలా 9 ఇచ్చి ఒకటి మిగులుస్తుంది. వెయ్యి తలా 91 ఇవ్వాలంటే 1001 కావాలి, మళ్లీ ఒకటి అప్పు. అందుకే ఒకటి విడిచి ఒకటి కూడి, తీసివేస్తాం: 2–5+7–4=0. అప్పూ మిగులూ చెల్లు. తలా 432.

ఏడుగురైతే పది 3 మిగులుస్తుంది, వంద 2, వెయ్యి 6. 4×6+7×2+5×3+2=55, ఏడుతో భాగిస్తే శేషం 6. సూత్రం ఉంది, నోటికి రానంత వంకరగా ఉంది, అంతే. ఆ 1001 కూడా మామూలుది కాదు, 7×11×13. ఏడుగురైనా, పదకొండు మందైనా, పదమూడు మందైనా వెయ్యి నోటుకు ఒక రూపాయి అప్పు చేస్తే సరిపోతుంది: మూడింటికీ ఒకే తాళంచెవి.

ఇక బండి నంబర్లు. అంకెలు కూడితే తొమ్మిది రావాలని మనవాళ్లు ఆర్టీఏ వేలంలో ఎంతెంత పోస్తారో తెలిసిందే. ఆ కూడిక చెప్పేది తొమ్మిదితో భాగిస్తే మిగిలే శేషాన్ని మాత్రమే. తొమ్మిదికి ఆ పెద్దరికం మనం పదులుగా లెక్కపెట్టడం వల్ల, పదికి ఒకటి తక్కువ కావడం వల్ల వచ్చింది. ఎనిమిదులుగా లెక్కపెడితే ఆ పీట ఏడుకి దక్కుతుంది. మేనకోడలూ నేనూ కూర్చుని 4752ని 4096, 512, 64, 8, 1 నోట్లుగా విడగొట్టాం. 11220 అయింది. అంకెలు కూడింది: ఆరు. పైన ఏడుతో భాగిస్తే మిగిలిన ఆరే అది. బండి అదే, నంబరూ అదే.