కళ్లె పరీక్ష, టీబీ, యాంటీబయాటిక్స్: అపోహలు – వాస్తవాలు

నేను చెన్నైలో మైక్రోబయాలజిస్టుని. ఊపిరితిత్తులకు సోకే బ్యాక్టీరియా, అందులోనూ ముఖ్యంగా టీబీ, నా పరిశోధన. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వైద్యానికి ఇక్కడికి వచ్చేవాళ్లు చాలామంది. కౌంటర్ దగ్గర తెలుగు వాళ్లకు ఏదైనా వివరించాల్సి వస్తే నన్నే పిలుస్తారు. అక్కడ తరచూ వినే మాటలు కొన్ని ఇవి.

అపోహ: కళ్లె ఎలా ఇచ్చినా ఒకటే, మిగతాది మెషీన్ చూసుకుంటుంది.

నన్నడిగితే అన్నిటికంటే నష్టం చేసేది ఇదే. చాలా డబ్బాల్లో మాకు వచ్చేది కళ్లె కాదు, ఉమ్మి. న్యుమోనియా అనుమానంతో పంపిన శాంపిల్‌ని ముందు స్లైడ్ మీద పూసి, రంగు వేసి, మైక్రోస్కోప్‌లో తక్కువ పవర్‌తో చూస్తాం. ఒక్కో ఫీల్డులో, అంటే మైక్రోస్కోప్‌లో ఒకసారికి కనిపించే భాగంలో, చీము కణాలు 25కి పైగా, చెంప లోపలి పలుచటి కణాలు 10 లోపు ఉంటే అది ఛాతీలోంచి వచ్చిందని నమ్మకం. అటూ ఇటూ అయితే అది నోట్లోదే. దాన్ని కల్చర్ చేస్తే, అంటే ల్యాబ్‌లో ఆహారం ఇచ్చి క్రిముల్ని పెంచితే, నోట్లో మామూలుగా ఉండే బ్యాక్టీరియానే పెరుగుతుంది, ఏ పాపం ఎరగని సూక్ష్మజీవికి మందులు రాసే పరిస్థితి వస్తుంది.

పొద్దున్నే మంచినీళ్లతో నోరు పుక్కిలించండి. రెండు మూడు సార్లు గట్టిగా ఊపిరి పీల్చి, లోపలి నుంచి దగ్గి తీయండి. ఈ పని బాత్రూంలో కాదు, ఆరుబయట, పక్కన ఎవరూ లేనిచోట చేయాలి. న్యుమోనియా పరీక్షకైతే రెండు గంటల్లోపు ల్యాబ్‌కి చేర్చండి. న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్ లాంటి బ్యాక్టీరియా ఆలస్యమైతే డబ్బాలోనే చచ్చిపోతాయి.

అపోహ: కళ్లె ఆకుపచ్చగా వస్తే యాంటీబయాటిక్ వాడాల్సిందే.

ఆ రంగు మన తెల్ల రక్తకణాల్లోని ఒక ఎంజైమ్‌ది. వైరస్ జలుబులోనూ అలాగే వస్తుంది. జ్వరం, ఆయాసం, ఛాతీ చప్పుడు, ఎక్స్‌రే చూసి డాక్టర్ తేల్చాల్సిన విషయాన్ని రంగుతో తేల్చుకోకూడదు. నాకు నిజంగా బాధ కలిగించేది, దగ్గు తగ్గట్లేదని మెడికల్ షాపులో అడిగి లెవోఫ్లాక్సాసిన్ తెచ్చుకోవడం. అది టీబీ మీద కూడా పనిచేసే మందు. మందులకు లొంగని టీబీకి వాడే ముఖ్యమైన వాటిలో ఒకటి. వారం రోజులు మింగితే దగ్గు కాస్త తగ్గుతుంది, పరీక్షలో టీబీ దొరకకపోవచ్చు, జబ్బు మాత్రం లోపల అలాగే ఉంటుంది. ఒక్క మందే వాడినందువల్ల దానికి లొంగని క్రిములు మిగిలి పెరిగే ప్రమాదమూ ఉంది.

అపోహ: రిపోర్టు ఆలస్యమైందంటే ల్యాబ్ వాళ్ల నిర్లక్ష్యమే.

"ఏందమ్మా, రక్తం రిపోర్టు సాయంత్రానికే ఇచ్చేశారే, దీనికి నెలన్నరా?" అని టీబీ కల్చర్ రిపోర్టు గురించి అడుగుతారు. ఆ టెన్షన్ నాకు అర్థమవుతుంది. అయితే ఈ.కోలై అనే బ్యాక్టీరియా అనుకూలమైన చోట 20 నిమిషాలకు రెండవుతుంది. టీబీ క్రిమికి అదే పనికి 15 నుంచి 20 గంటలు కావాలి. కోడిగుడ్లతో తయారుచేసిన లేత ఆకుపచ్చ మీడియం (క్రిములు పెరగడానికి ఇచ్చే ఆహారం) మీద వారాల పాటు ఏమీ కనిపించదు. తర్వాత బొంబాయి రవ్వ చల్లినట్టు గరుకు గరుకుగా, లేత పసుపు రంగులో కాలనీలు, అంటే క్రిముల గుంపులు, తేలుతాయి. ద్రవ మీడియంలో అయితే 42 రోజులు, గుడ్డు మీడియంలో 8 వారాలు చూశాకే నెగటివ్ అంటాం.

మరి క్రిమి డీఎన్ఏని వెతికే సీబీనాట్ పరీక్ష రెండు గంటల్లో చెబుతుంది కదా? నిజమే. మన బెంగళూరులో రూపొందిన ట్రూనాట్ కూడా అంతే, టీబీ ఉందా, టీబీకి వాడే ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కి లొంగుతుందా అనేది త్వరగా తేలుస్తుంది. కానీ ఇవి చచ్చిన క్రిముల డీఎన్ఏని కూడా పట్టేస్తాయి. కాబట్టి చికిత్స మధ్యలో, మందు పనిచేస్తోందా అన్న ప్రశ్నకు ఇవి జవాబు చెప్పలేవు. బతికున్న క్రిమి ఉందో లేదో కల్చరే చెప్పాలి.

అపోహ: టీబీ వస్తే వేరే కంచం, వేరే గ్లాసు పెట్టాలి. కోడలైతే పుట్టింటికి పంపేయాలి.

ఈ మాట చెన్నైలో వింటే మరీ కష్టంగా ఉంటుంది. ఎందుకంటే దీనికి జవాబు ఈ ఊళ్లోనే దొరికింది. 1956లో ఇక్కడ టీబీ కీమోథెరపీ సెంటర్ మొదలైంది. చెట్‌పేట్‌లోని నేటి జాతీయ క్షయ పరిశోధన సంస్థ అదే. పేషెంట్లను కొందరిని శానటోరియంలో (టీబీ ఆసుపత్రిలో), కొందరిని వాళ్ల ఇరుకు ఇళ్లలోనే ఉంచి ఒకే మందులు ఇచ్చారు. ఇంట్లో ఉన్నవాళ్లకు తిండి తక్కువ, విశ్రాంతి తక్కువ. అయినా వాళ్లూ దాదాపు అంత బాగానే కోలుకున్నారు. ఇంట్లో ఉంచినందువల్ల కుటుంబ సభ్యులకు అదనంగా ముప్పు ఏమీ రాలేదు. 1959లో ఆ ఫలితాలు అచ్చయ్యాక ప్రపంచమంతా టీబీ వైద్యం ఆసుపత్రి నుంచి ఇంటికి మారింది. టీబీ గాలి ద్వారా వస్తుంది, కంచం ద్వారా కాదు. కిటికీలు తెరవండి, డాక్టర్ ఇక చాలని చెప్పేదాకా పేషెంటుని మాస్క్ పెట్టుకోమనండి, రోజూ మందు వేసుకునేలా చూడండి.

అపోహ: చిన్నప్పుడు బీసీజీ వేశారు, ఇక టీబీ రాదు.

పసిపిల్లలకు వచ్చే తీవ్రమైన రకాల నుంచి అది కాపాడుతుంది. పెద్దల ఊపిరితిత్తుల టీబీని మాత్రం ఆపలేదని 1968లో చెంగల్పట్టు జిల్లాలో మొదలైన పెద్ద ట్రయల్ చూపింది.

అపోహ: పరిశోధన అంటే కొత్త మందు కనిపెట్టడమే.

ఎమ్మెస్సీ పిల్లలు ఈ ఆశతోనే వస్తారు. ఆశ మంచిదే. కానీ ఏ కొత్త మందైనా నిలబడేది నమ్మదగిన కల్చర్ల మీదే. అందుకే ముందు మీడియం తయారీ, స్లైడ్ చదవడం నేర్పిస్తాను. టీబీ స్లైడ్‌లో కనీసం 100 ఫీల్డులు చూడనిదే నెగటివ్ అని రాయకూడదు. మిల్లీలీటరు కళ్లెలో క్రిములు 5,000 కన్నా తక్కువ ఉంటే స్లైడ్‌లో ఒక్కటి కూడా కనిపించకపోవచ్చు, కాబట్టి స్లైడ్ నెగటివ్ వచ్చినా దగ్గు తగ్గకపోతే మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి.