ఫ్లూ జ్వరంలో పిల్లల మెదడు: అపోహలు - వాస్తవాలు

అపోహ: జ్వరం 104 దాటితే మెదడు దెబ్బతింటుంది.

ఈ భయంతోనే రాత్రంతా థర్మామీటర్ పట్టుకుని కూర్చుంటారు. ఫ్లూలో వచ్చే వేడికి మెదడు పాడవదు. పిల్లల నరాల డాక్టర్‌గా నేను ముందు అడిగేది వేరే: జ్వరం కాస్త దిగినప్పుడు బిడ్డ మిమ్మల్ని గుర్తుపడుతోందా? నీళ్లు అడుగుతోందా?

అపోహ: ఫిట్స్ వచ్చాయంటే మెదడువాపే.

6 నెలల నుంచి 5 ఏళ్ల లోపు పిల్లల్లో జ్వరానికి ఫిట్స్ రావడం మామూలే. చాలావరకు కొద్ది నిమిషాల్లో ఆగిపోతాయి, తర్వాత ఏ లోపమూ మిగలదు. బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టండి, గడియారం చూడండి. నోట్లో ఏదీ పెట్టొద్దు, చెంచా అసలే వద్దు. 5 నిమిషాలు దాటినా, మళ్లీ వచ్చినా అంబులెన్స్ పిలవాలి. మొదటిసారి అయితే ఆగిపోయినా సరే, అదే రోజు డాక్టర్‌కు చూపించండి. పారాసిటమాల్ ఒళ్లునొప్పులు తగ్గిస్తుంది కానీ ఫిట్స్‌ను ఆపుతుందని నమ్మకండి.

నాకు టెన్షన్ పెట్టేది ఫిట్స్ ఆగాక జరిగేది. కాసేపు మగతగా ఉండటం సహజం. గంట గడిచినా తెలివి రాకపోతే, లేనివి కనిపిస్తున్నట్టు మాట్లాడితే, లేపినా లేవకపోతే తెల్లారేదాకా ఆగొద్దు.

అపోహ: వైరస్ మెదడులోకి ఎక్కుతుంది.

ఫ్లూతో మెదడువాపు వచ్చిన పిల్లల వెన్ను నీటిలో (మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలో) వెతికితే వైరస్ చాలాసార్లు దొరకదు. వైరస్ మీద శరీరం చేసే యుద్ధమే అదుపు తప్పి మెదడును వాపెక్కిస్తుంది. ఇలా వచ్చే మెదడువాపుల్లో అతి తీవ్రమైన రకాన్ని జపాన్ వైద్యులు 1995లో వివరించారు. అందులో మెదడు లోపల రెండు వైపులా ఉండే థాలమస్‌లు ఒకేలా దెబ్బతిన్నట్టు ఎంఆర్ఐలో కనిపిస్తాయి. చాలా అరుదు. కానీ వస్తే జ్వరం మొదలైన ఒకటి, రెండు రోజుల్లోనే బిడ్డ కోమాలోకి జారిపోవచ్చు. అందుకే తెలివి తప్పుతున్న బిడ్డ విషయంలో 'మూడు రోజులు చూద్దాం' అనే మాట పనికిరాదు.

అపోహ: ఆస్పిరిన్ కూడా జ్వరం మాత్రే కదా.

ఫ్లూలో పిల్లలకు ఇవ్వకూడదు. కాలేయాన్ని, మెదడును కలిపి దెబ్బతీసే రై సిండ్రోమ్ రావచ్చు.

అపోహ: ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు ఫ్లూ టీకా ఎందుకు?

మెదడు సమస్యతో ఐసీయూలో చేరే పిల్లల్లో చాలామందికి అంతకుముందు ఏ జబ్బూ ఉండదు. 6 నెలలు నిండితే టీకా వేయించవచ్చు, ఏటా మళ్లీ వేయించాలి. అంతకన్నా చిన్న బిడ్డకు రక్షణ కావాలంటే, గర్భంతో ఉన్నప్పుడే తల్లి వేయించుకోవాలి.