అట్ట నీడ, పెన్సిలు దిశ: విద్యుత్ అభివాహం గురించి పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

ఇంటర్ రెండో సంవత్సరం భౌతికశాస్త్రంలో విద్యుత్ అభివాహం లెక్కలు మొదలుపెట్టారని, సూత్రం కంఠతా వచ్చినా జవాబు మాత్రం తేడాగా వస్తోందని మీరు రాశారు. చాలా ఏళ్ళు ఈ పాఠం చెప్పినవాణ్ణి కాబట్టి ఆ తేడా ఎక్కడ పుడుతుందో నాకు బాగా తెలుసు. అది గుణకారంలో పుట్టదు, కోణాన్ని ఎక్కణ్ణుంచి కొలవాలన్న దగ్గర పుడుతుంది. అందుకని సూత్రాన్ని కాసేపు పక్కన పెట్టి, పరీక్షకు తీసుకెళ్ళే అట్టను పట్టుకుని ఎండలోకి రండి.

హైదరాబాదులో మే రెండో వారం మొదట్లో, మధ్యాహ్నం పన్నెండు దాటిన కాసేపటికి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలువుగా పాతిన కర్రకు ఆ సమయంలో నీడ ఉండదు. మీ అట్ట పొడవు 30 సెంటీమీటర్లు, వెడల్పు 20 సెంటీమీటర్లు అనుకుందాం. అప్పుడు దాన్ని నేలకు సమాంతరంగా పట్టుకుంటే నీడ కూడా అంతే ఉంటుంది, అంటే 600 చదరపు సెంటీమీటర్లు. ఇప్పుడు పొడవాటి అంచును కదలనివ్వకుండా అట్టను మెల్లగా వాల్చండి. నీడ పొడవు మారదు, వెడల్పు మాత్రం తగ్గుతూ వస్తుంది. 60 డిగ్రీలు వాల్చేసరికి 20 కాస్తా 10 అవుతుంది, పూర్తిగా నిలబెడితే సన్నని గీతే మిగులుతుంది. అట్ట వైశాల్యం రవ్వంత కూడా తగ్గలేదు, ఎండ కూడా తగ్గలేదు. అట్ట ఎటు చూస్తోందన్నదొక్కటే మారింది.

అట్ట ఎటు చూస్తోందో చెప్పడానికి దాని మీద ఒక పెన్సిలును నిటారుగా నిలబెట్టినట్టు ఊహించుకోండి. ఆ పెన్సిలే లంబం. చదునైన తలంలో ఉన్న గొప్ప సౌలభ్యం ఏమిటంటే, పెన్సిలును మధ్యలో నిలబెట్టినా మూలన నిలబెట్టినా అది ఒకే వైపు చూస్తుంది కాబట్టి మొత్తం తలానికి ఒక్క బాణం సరిపోతుంది. పొడవు వైశాల్యానికి సమానంగా, దిశ లంబం వెంబడి ఉండేలా గీసిన ఆ బాణమే వైశాల్య సదిశ. బంతి ఉపరితలానికి ఈ వీలు లేదు. అక్కడ చోటు మారితే పెన్సిలు దిశ కూడా మారుతుంది.

ఇప్పుడు ఎండ స్థానంలో, అన్నిచోట్లా ఒకే పరిమాణం, ఒకే దిశ ఉన్న విద్యుత్ క్షేత్రాన్ని పెట్టండి. క్షేత్ర తీవ్రతను వైశాల్యంతోనూ, క్షేత్రానికీ లంబానికీ మధ్య ఉన్న కోణపు కొసైన్‌తోనూ గుణిస్తే వచ్చేదే ఆ తలం గుండా అభివాహం. అది అదిశ రాశి, అంటే దిశ లేని ఉత్త సంఖ్య. అభివాహం అన్న పేరులో ప్రవాహం ధ్వనిస్తుంది గాని, స్థిర విద్యుత్ క్షేత్రంలో తలం గుండా ఏదీ పారదని గుర్తుంచుకోండి. క్షేత్రం దిశను చూపడానికి గీసే బలరేఖలు తలాన్ని ఎన్ని దాటుతున్నాయన్న లెక్కకు అది అనుపాతంలో ఉంటుంది, అంతే. ఎండ పోలిక మనకు కోణం అర్థం కావడం వరకే.

క్షేత్ర తీవ్రత కూలూంబ్‌కు 500 న్యూటన్లు అనుకోండి. మన అట్ట వైశాల్యం 0.06 చదరపు మీటర్లు. లంబం క్షేత్రం వెంబడి ఉంటే అభివాహం 500 × 0.06, అంటే కూలూంబ్‌కు 30 న్యూటన్-చదరపు మీటర్లు. ఇక్కడిదాకా ఎవరూ తప్పు చెయ్యరు. ప్రశ్నలో "తలం క్షేత్రంతో 30 డిగ్రీల కోణం చేస్తోంది" అని ఇచ్చినప్పుడే చిక్కు వస్తుంది. ఒక తెలివైన అమ్మాయి జవాబు పత్రం ఇప్పటికీ నా కళ్ళకు కట్టినట్టుంది: బొమ్మ చక్కగా గీసింది, ప్రమాణాలు రాసింది, కొసైన్ 30 వేసి 26 అని జవాబు కింద రెండు గీతలు గీసింది. బొమ్మలో అన్నీ ఉన్నాయి, లంబం మాత్రం లేదు. లంబాన్ని గీసి ఉంటే అది క్షేత్రంతో 60 డిగ్రీలు చేస్తోందని తనకే కనిపించేది, జవాబు 15 వచ్చేది. అందుకే లెక్కలో అంకె వెయ్యకముందే బొమ్మలో లంబం గియ్యమని ప్రతి తరగతికీ పట్టుబట్టి చెప్పేవాణ్ణి.

క్షేత్రాన్ని అంశాలుగా ఇస్తే పని ఇంకా తేలిక. అదే 500 తీవ్రత ఉన్న క్షేత్రానికి ఎక్స్ దిశలో 300, వై దిశలో 400 అంశాలు ఉన్నాయనుకోండి. అట్ట లంబం ఎక్స్ అక్షం వెంబడి ఉంటే అభివాహం 300 × 0.06, అంటే 18. వై దిశలోని 400 అంశం అట్టను దాటదు, దాని ఉపరితలం వెంబడి జారిపోతుంది. పెద్ద అంకె కదా అని దాన్ని కలుపుకోకండి.

గుర్తు సంగతి కూడా చెప్పాలి. విడి అట్టకు లోపల, బయట అంటూ ఉండవు కాబట్టి పెన్సిలును ఏ వైపు నిలబెట్టాలో మీరే నిర్ణయించుకుని, ఆ సంగతి జవాబులో రాయాలి. వైపు మారిస్తే 18 కాస్తా మైనస్ 18 అవుతుంది. పెట్టెలాంటి సంవృత తలానికి మాత్రం లంబం ఎప్పుడూ బయటికే.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త. తీవ్రతను వైశాల్యంతో నేరుగా గుణించే హక్కు, క్షేత్రం తలమంతటా ఒకేలా ఉన్నప్పుడే మనకు ఉంటుంది. 20 సెంటీమీటర్ల భుజం ఉన్న చతురస్రపు పలక మధ్యబిందువుకు సరిగ్గా 10 సెంటీమీటర్ల పైన 6 నానోకూలూంబ్‌ల ఆవేశం ఉందనుకోండి. పలక మధ్యలో తీవ్రత 5400, వైశాల్యం 0.04, గుణిస్తే 216 అని చాలామంది రాసేస్తారు. కానీ పలక మూలలు ఆవేశానికి దూరంగా ఉన్నాయి, అక్కడ క్షేత్రం బలహీనం. పైగా ఏటవాలుగా తగులుతుంది. పలకను చిన్న చిన్న ముక్కలుగా తీసుకుని అన్నిటి అభివాహాన్నీ కూడవచ్చు (సమాకలనం అంటే అదే) గాని, గాస్ నియమం అంతకన్నా దగ్గరి దారి చూపిస్తుంది. అలాంటివే మరో ఐదు పలకలు చేర్చి ఆవేశం చుట్టూ ఘనం కట్టండి. ఆవేశం సరిగ్గా నడిమధ్యలో ఉంటుంది, ఆరు ముఖాలకూ సమాన వాటా దక్కుతుంది. గాస్ నియమం ప్రకారం, సంవృత తలం గుండా మొత్తం అభివాహం లోపలి ఆవేశాన్ని శూన్యపు పెర్మిటివిటీ అనే స్థిరాంకం 8.85 × 10⁻¹² తో భాగిస్తే వచ్చేది, ఇక్కడ సుమారు 678. అందులో ఆరో వంతు 113. తొందరపడి వేసిన లెక్కలో దాదాపు రెట్టింపు వచ్చిందన్నమాట!

ఆ ఆవేశాన్ని పలకకు మరీ దగ్గరగా, ఆనీ ఆననట్టు దించితే తీవ్రత విపరీతంగా పెరుగుతుంది, అయినా అభివాహం 339 దాటదు, ఎందుకంటే రేఖల్లో సగం ఎలాగూ పైకే పోతాయి.

వచ్చే ఉత్తరంలోగా మీరు చెయ్యవలసిన లెక్క ఒకటి ఉంది. అదే ఆవేశాన్ని అదే ఘనం ఒక మూలలో పెట్టండి. ఆ మూలలో కలిసే మూడు ముఖాల గుండా అభివాహం సున్నా, ఎదురుగా ఉన్న మూడింటిలో ఒక్కోదాని గుండా సుమారు 28. మొదటి మూడూ ఎందుకు సున్నా అయ్యాయో రెండు వాక్యాల్లో రాసి పంపండి. బొమ్మలో లంబం గీసి మరీ పంపండి.

మీ మాస్టారు తాతయ్య