జర్మనీలో నగ్న స్నానాలు: ఆదర్శ దేహం నుంచి మామూలు దేహం దాకా

బాల్టిక్ సముద్ర తీరంలో, బెర్లిన్ చుట్టుపక్కల సరస్సుల ఒడ్డున కుటుంబాలు కుటుంబాలుగా బట్టలు లేకుండా ఈదడం జర్మనీలో చాలాకాలంగా ఉన్నదే. ‘ఎఫ్‌కేకే’ (జర్మన్‌లో ‘స్వేచ్ఛా దేహ సంస్కృతి’ అనే మాటకు పొట్టి రూపం) అని పిలిచే ఈ అలవాటు మామూలు మనిషి శరీరాన్ని ఉన్నదున్నట్టు ఒప్పుకోవడానికే పుట్టిందని ఈనాటి సమర్థకులు చెబుతుంటారు గాని, దాని తొలి చరిత్ర ఆ మాటకు పూర్తిగా సాక్ష్యమివ్వదు.

19వ శతాబ్దం చివర, ఫ్యాక్టరీల పొగతో, ఇరుకు ఇళ్లతో నిండిన నగరాల మీద విసుగు పుట్టి, శాకాహారం, ప్రకృతి చికిత్స, వదులు దుస్తులు కోరిన జీవన సంస్కరణ ఉద్యమంలోంచే ఇదీ వచ్చింది. (అదే కాలంలో, 1891లో, బొంబాయి దగ్గరి ఠాణేలో ఒక ఇంగ్లీషు జడ్జి ముగ్గురే సభ్యులుగా ఇలాంటి సంఘం నడిపాడన్నది మన వైపు దాదాపు ఎవరికీ గుర్తులేని సంగతి.) జర్మనీలో దీన్ని ప్రచారం చేసిన హైన్‌రిష్ పూడోర్, రిఖార్డ్ ఉంగెవిట్టర్ వంటి వారు ఎండ, గాలి, ఆరోగ్యం గురించి ఎంత రాశారో జాతి శుద్ధి గురించీ అంత పట్టుదలగా రాశారు, వారు మెచ్చుకున్నది గ్రీకు శిల్పం లాంటి దేహాన్నే తప్ప పొట్ట జారినదాన్నో, నడుము వంగినదాన్నో కాదు.

ఆ ధోరణిని మలుపు తిప్పిన వాళ్లలో బెర్లిన్ ఉపాధ్యాయుడు అడోల్ఫ్ కోఖ్‌ను ముందుగా చెప్పుకోవాలి. సోషలిస్టు అయిన కోఖ్ 1920లలో కార్మికుల కోసం, వారి పిల్లల కోసం నగ్న వ్యాయామ పాఠశాలలు పెట్టాడు. చాలీచాలని తిండితో, వెలుతురు రాని ఇళ్లలో పెరిగిన ఆ శరీరాలకు పోటీ పెట్టకుండా, వైద్య పరీక్షలతో పాటు సాధన చేయించడం అక్కడి పద్ధతి.

నాజీలు అధికారంలోకి వచ్చాక, 1933 మార్చి 3న, నాజీ నేత గోరింగ్ ఆధ్వర్యంలోని ప్రష్యా రాష్ట్ర హోంశాఖ నగ్న సంస్కృతి ఉద్యమాన్ని అణచివేయాలని ఆదేశించింది. కోఖ్ పాఠశాలలు మూతపడ్డాయి. అయితే దృఢమైన ‘ఆర్య’ దేహాన్ని కీర్తించిన హాన్స్ జూరెన్ లాంటి వారికి నాజీ పాలనలో చోటు దొరికింది. పరుల కంటపడని చోట నగ్నంగా స్నానం చేయడాన్ని 1942లో పోలీసు నిబంధనే అనుమతించింది. ఆ పాలకులకు నగ్నత్వం కన్నా కోఖ్ రాజకీయాలే ఎక్కువ కంటగింపయ్యాయని దీన్నిబట్టి అనుకోవచ్చు.

యుద్ధానంతరం పశ్చిమ జర్మనీలో 1949లో ఇలాంటి సంఘాల జాతీయ సమాఖ్య ఏర్పడి, ఈ అలవాటు ఎక్కువగా సభ్యత్వం, కంచె ఉన్న క్లబ్బుల్లో సాగింది. తూర్పు జర్మనీ ప్రభుత్వం తీరాల్లో దీన్ని నిషేధించబోయి, జనం వినకపోవడంతో 1956లో ప్రత్యేక స్థలాలు కేటాయిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. సొంతంగా సంఘాలు పెట్టుకునే స్వేచ్ఛ అక్కడ లేదు కనుక సిద్ధాంతమూ, దేహానికి కొలమానమూ రెండూ పలచబడ్డాయి; సెలవుల్లో తాతలూ మనవలూ కలిసి వచ్చి ఈదారు, అంతే. నా దృష్టిలో మామూలు దేహానికి నిజమైన అంగీకారం దొరికింది ఏ గ్రంథం వల్లా కాదు, ఎవరి దేహం ఎలా ఉందో పట్టించుకోని ఈ తీరు వల్లే. 1990లో దేశం ఏకమయ్యాక పశ్చిమం నుంచి వచ్చిన విహారయాత్రికులు అభ్యంతరం చెప్పడంతో, బాల్టిక్ తీరంలో ఎవరు ఎక్కడ ఈదాలన్న తగవులు మొదలై, చాలాచోట్ల నగ్న స్నానాల హద్దులు కుదించుకుపోయాయి.