పల్లెల్లో బీపీ ఎప్పటినుంచో ఉంది, మనం చూసిందే ఆలస్యంగా

పొలం పని చేసుకునే మనిషికి బీపీ ఏంటి, అది పట్నంలో కుర్చీలో కూర్చునేవాళ్ల జబ్బు కదా అనే మాట ఇప్పటికీ ఊళ్లలో వినపడుతుంది. ఆ మాట తప్పని తేల్చిన లెక్క మన గోదావరి జిల్లాలదే. 2003-04 ప్రాంతంలో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో, సుమారు 1,80,000 జనాభాలో, ఏడాదిపాటు జరిగిన దాదాపు ప్రతి మరణానికీ కారణం వెతికారు. ఊళ్లో పోయినవాళ్లలో చాలామందికి పోస్టుమార్టం ఉండదు, డాక్టరు రాసిచ్చిన కాగితమూ ఉండదు. అందుకని శిక్షణ తీసుకున్న ఆరోగ్య కార్యకర్తలు ఆ ఇళ్లకే వెళ్లి, ఛాతీలో నొప్పి వచ్చిందా, ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోయాయా, జ్వరం ఎన్నాళ్లుంది లాంటి వివరాలు అడిగి రాసుకొచ్చారు. వాటిని చదివి వైద్యులు కారణం నిర్ణయించారు. నమోదైన 1,354 మరణాల్లో సుమారు 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవే అని తేలింది, అంటే ముఖ్యంగా గుండెపోటు, పక్షవాతం. క్షయ, విరేచనాలు వగైరా అంటురోగాలన్నీ కలిపినా 12 శాతమే.

అసలు బీపీని జబ్బుగా చూడటమే అంత పాత సంగతి కాదు. వయసు పెరిగితే బీపీ పెరగడం మామూలేనని 1940లలో కూడా చాలామంది డాక్టర్లు నమ్మేవారు. అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌కి 1941లో బీపీ 188/105. ఆ దేశంలో అందరికంటే మంచి వైద్యం అందే మనిషి, అయినా దాన్ని నమ్మకంగా తగ్గించే మందు అప్పటికి లేదు. 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తస్రావమై పోయారు, ఆ రోజు కొలిస్తే 300/190. మూడేళ్లకి, 1948లో, అమెరికాలోనే ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్లో 5,209 మందిని ఏళ్ల తరబడి గమనించే అధ్యయనం మొదలైంది. బీపీ, పొగతాగడం, కొలెస్ట్రాల్ గుండెజబ్బుకి దారితీస్తాయని గట్టిగా చెప్పగలిగింది ఇలాంటి అధ్యయనాల వల్లే. మాత్రలతో బీపీ తగ్గిస్తే ప్రాణాలు నిలుస్తాయని 1967లో అమెరికా మాజీ సైనికుల మీద చేసిన పరీక్షలో రుజువైంది.

అయితే మాత్ర ఒక్కటే సరిపోదని చూపించింది ఫిన్లాండ్. ఆ దేశంలో ఉత్తర కరేలియా అనే ప్రాంతంలో వయసులో ఉన్న మగవాళ్లు గుండెపోటుతో వరసగా పోతుంటే, స్థానిక ప్రతినిధులే ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నారు. 1972లో పెక్కా పుస్కా అనే కుర్ర డాక్టరు ఆధ్వర్యంలో పని మొదలైంది. జనాన్ని ఆస్పత్రికి పిలిచి భయపెట్టడం కాదు, మార్తా అనే మహిళా సంఘం వాళ్లు ఊరూరా వంటల సమావేశాలు పెట్టి వెన్న, ఉప్పు తగ్గించి కూరగాయలు పెంచి వండటం చేసి చూపించారు. బీపీ ఉన్నవాళ్ల పేర్లు రిజిస్టరులో రాసుకుని నర్సులు వెంటపడి చూసుకున్నారు. పాతికేళ్లలో ఆ వయసు మగవాళ్లలో గుండెజబ్బు మరణాలు 73 శాతం దాకా తగ్గాయి. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో మనం నేర్చుకోవాల్సిన భాగం ఇదే.

ఇంత తెలిసీ 2000లో ఐక్యరాజ్యసమితి పెట్టుకున్న సహస్రాబ్ది లక్ష్యాల్లో మలేరియా, ఎయిడ్స్ ఉన్నాయి, గుండెజబ్బు, షుగర్, క్యాన్సర్ లాంటి అంటుకోని జబ్బులు లేవు. అవి సంపన్న దేశాల సమస్య అనే నమ్మకం అంత బలంగా ఉండేది. ఈ జబ్బుల మీద సర్వసభ్య సభ ఉన్నత స్థాయి సమావేశం పెట్టింది 2011 సెప్టెంబరులో, 70 ఏళ్లలోపు మరణాలను 2030కి మూడో వంతు తగ్గించాలని రాసుకుంది 2015లో. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2021లో ఈ జబ్బులతో పోయినవాళ్లు కనీసం 4.3 కోట్ల మంది, అందులో నూటికి దాదాపు 73 మంది పేద, మధ్యాదాయ దేశాలవాళ్లు.

మన దేశంలో ఈ జబ్బుల మీద జాతీయ కార్యక్రమం 2010లో వచ్చింది. బీపీ మీద ప్రత్యేకంగా పని మొదలైంది మాత్రం 2017 నవంబరులో, ఐదు రాష్ట్రాల్లోని 25 జిల్లాల్లో, తెలంగాణ అందులో ఒకటి. చేసిన మార్పులు వినడానికి చిన్నవే: అందరికీ ఒకే చికిత్స పద్ధతి, ఒకేసారి నెల రోజుల మాత్రలు, రానివాళ్లకి కబురు. కానీ కూలికి వెళ్లే మనిషి మాత్రల కోసం పీహెచ్‌సీకి వస్తే ఆ పూట కూలి పోయినట్టే. నాలుగుసార్లు తిరగమంటే ఐదోసారి రాడు, ఒంట్లో ఏ బాధా తెలియని జబ్బుకి అసలే రాడు.

2023లో వచ్చిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సర్వే ప్రకారం మన పల్లెల్లో 20 ఏళ్లు దాటినవాళ్లలో ప్రతి ముగ్గురిలో ఒకరికి బీపీ ఉంది. రోజుకి 5 గ్రాముల లోపే ఉప్పు తినమంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ, మనం తినేది అంతకంటే చాలా ఎక్కువ. ఆ ఉప్పులో చాలా భాగం ప్యాకెట్లలోంచి కాదు, మన కూరల్లోంచీ ఆవకాయలోంచీ అప్పడాల్లోంచీ వస్తోంది కాబట్టి, కంపెనీలకి నిబంధనలు పెడితే పని అయిపోదు. ఆశా కార్యకర్తలు, డ్వాక్రా సంఘాలు ఊరూరా ఉన్న మనకి, మార్తా సంఘం చేసిన పని కొత్తగా కనిపెట్టాల్సినంత కష్టమైందేమీ కాదు.