నర్స్ ప్రాక్టీషనర్ల గొడవ మళ్ళీ లేచింది, అసలు మలుపు మాత్రం 1997లోనే

న్యూయార్క్‌లో నర్స్ ప్రాక్టీషనర్లు, అంటే పై చదువు చదివి రోగం తేల్చి మందులు కూడా రాసే నర్సులు, డాక్టర్‌తో అగ్రిమెంట్ లేకుండా సొంతంగా పేషెంట్లని చూడొచ్చా అన్న పంచాయితీ మళ్ళీ మొదటికొచ్చింది. 2022లో 3,600 గంటల అనుభవం దాటినవాళ్ళకి ఆ అగ్రిమెంట్ అక్కర్లేదన్నారు గానీ దానికో గడువు పెట్టారు, అందుకే ఈ రచ్చ తెగట్లేదు. 1965లో కొలరాడోలో లొరెట్టా ఫోర్డ్, హెన్రీ సిల్వర్ ఈ నర్సుల ట్రైనింగ్ మొదలుపెట్టిన సంగతి తెలిసిందే కాబట్టి వదిలేస్తున్నా, నాకైతే మేరీ ముండింగర్ కెరీర్ చూశాకే ఇదంతా అర్థమైంది.

ఆవిడ 1986 నుంచి 2010 దాకా కొలంబియా నర్సింగ్ స్కూల్ డీన్. నర్సు చేతికి డాక్టర్‌కున్న అధికారాలన్నీ ఇస్తే పేషెంట్‌కి ఏమవుతుందో వాదించడం కాదు, టెస్ట్ చేసి చూద్దాం అన్నారు. ఎమర్జెన్సీకో అర్జెంట్ కేర్‌కో వచ్చినవాళ్ళలో రెగ్యులర్‌గా చూసే డాక్టర్ లేని 1,316 మందిని, ఎక్కువమంది వలసొచ్చిన హిస్పానిక్ పేదలే, లాటరీ పద్ధతిలో కొందరిని నర్సుల దగ్గరికి కొందరిని డాక్టర్ల దగ్గరికి పంపారు. ఆరు నెలల తర్వాత ఆరోగ్యంలో తేడా లేదు, బీపీ ఉన్నవాళ్ళలో కింది నంబర్ నర్సుల దగ్గర సగటున 82, డాక్టర్ల దగ్గర 85. 2000 జనవరిలో జామా అనే అమెరికా వైద్య జర్నల్‌లో వచ్చింది ఇది, రెండేళ్ళ ఫాలోఅప్‌లో కూడా పెద్ద తేడా కనపడలేదు.

ఇప్పుడు కాస్త వెనక్కి, 1997కి. నర్స్ ప్రాక్టీషనర్లు పల్లెల్లోనే కాదు ఎక్కడైనా సరే మెడికేర్‌కి (అక్కడ ముఖ్యంగా పెద్దవాళ్ళకి ప్రభుత్వమిచ్చే ఇన్సూరెన్స్) నేరుగా బిల్లు పెట్టుకోవచ్చని, డాక్టర్ ఫీజులో 85 శాతం ఇస్తామని ఆ ఏడాదే చట్టం చేశారు, అదే ఏడాది ముండింగర్ టీమ్ మాన్‌హట్టన్ నడిబొడ్డున ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళ కోసం నర్సుల క్లినిక్ తెరిచింది. డాక్టర్లు వెళ్ళని ఊళ్ళలో నర్సు చూసినన్నాళ్ళు ఇంత గట్టిగా అడ్డుపడలేదు, డబ్బులొచ్చే పేషెంట్ దగ్గరికి రాగానే క్వాలిటీ గుర్తొచ్చింది అనేది నా అభిప్రాయం.

డాక్టర్ల సంఘాలేమో ఆరు నెలలు సరిపోదు, మా ట్రైనింగ్ గంటలెక్కడ వాళ్ళవెక్కడ అంటాయి. క్లిష్టమైన కేసుల విషయంలో అది న్యాయమే, కానీ బీపీ షుగర్ మందులకి నెలలు వెయిట్ చేసేవాళ్ళకి అందులో జవాబు లేదు.

మన దగ్గర 2019 ఎన్‌ఎంసీ (నేషనల్ మెడికల్ కమిషన్) చట్టంలో, డాక్టర్లు కానివాళ్ళకి కూడా పరిమితంగా వైద్యం చేసే లైసెన్స్ ఇవ్వొచ్చన్న సెక్షన్ 32 మీద డాక్టర్ల సంఘం ఐఎంఏ రోడ్డెక్కింది ఇందుకే. ఆంధ్రాలో విలేజ్ క్లినిక్‌లలో బీఎస్సీ నర్సింగ్ చదివిన ఎంఎల్‌హెచ్‌పీలు (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్లు) రోజూ బీపీ, షుగర్ చూస్తూనే ఉన్నారు. వాళ్ళు వద్దు అనేవాళ్ళు ముండింగర్ పెట్టినలాంటి ట్రయల్ ఒకటి ఇక్కడ పెట్టమని అడగాలి, ఆ రిజల్ట్ పట్టుకుని మాట్లాడాలి.